రెండో మాట

ఊరి చివర తిఫ్రా నుంచి స్కూటీ మీద వచ్చిందా పిల్ల. హెల్మెట్ తీయకుండానే గుమ్మంలో నిలబడి, "అమ్మమ్మా, మీకు తెలుగు చదవడం వచ్చంట కదా" అంది. ఈ హిందీ ఊళ్లో ఇప్పుడు అది వాకబు చేసుకుని రావలసిన విషయమైపోయింది. వచ్చు, లోపలికి రమ్మన్నాను. నా మోకాళ్ళు నన్ను లేవనివ్వవు, టీ కావాలంటే నువ్వే పెట్టుకోవాలని కూడా చెప్పాను. నవ్వి, సంచీలోంచి ఓ ప్లాస్టిక్ కవరూ, కవరులోంచి ఓ నోటుబుక్కూ తీసింది.

అట్ట ఎప్పుడో ఊడిపోయింది. అంచులు నూనె చేతులకి నల్లబడ్డాయి. వాళ్ళ అమ్మమ్మదట. ఆవిడ పోయి రెండు నెలలైందట. రోజూ పొద్దున్న స్నానం కాగానే బుద్ధుడి పటం ముందు కూర్చుని ఆ పుస్తకం చూసి చదువుకునేదట. ఇప్పుడు ఇంట్లో ఆ అక్షరాలు ఎవరికీ రావు.

"మమ్మీకి కూడా రావు. హిందీ మీడియం కదా. మీరు చదివితే నేను ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటా. రోజూ సుబహ్, స్నానం కాగానే పెట్టుకుంటాం. పాఠం నాకు విని విని వచ్చేసింది గానీ, కింద అర్థం కూడా రాసి ఉందంట. అదే కావాలి మాకు."

పేరూ ఊరూ అడిగితే వాళ్ళ అమ్మమ్మ ఎవరో అప్పటికి గుర్తొచ్చింది నాకు. మా పాత రైల్వే క్వార్టర్లలో మా వెనక వరసలో ఉండేది. కొత్తగా కాపరానికొచ్చిన కోడలు, జడలో ఎప్పుడూ కనకాంబరాలు ఉండేవి. ఆవిడ ఇన్నాళ్ళూ ఇదే ఊళ్లో, తిఫ్రాలో బతికే ఉందని, ఆటో ఎక్కితే అరగంట దూరమని నాకు తెలియదు. తెలిసినా వెళ్ళేదాన్ని కాదేమో. ఈ మధ్య దేనికీ ఓపిక ఉండడం లేదు.

కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం తెరిచాను. ముందు మూడు శరణాలు. తర్వాత పంచశీలాలు, ఒక్కొక్క దాని కిందా అర్థం. రెండో దాని అర్థం దగ్గర నా వేలు ఆగిపోయింది. చేతిరాత నాది కాదు. మాట మాత్రం నాదే. పదేళ్ళప్పుడు, మా పెరటి గోడ పక్కన కూర్చుని నేను పుట్టించిన మాట.

ఆ గోడ ఇప్పుడు లేదు. క్వార్టర్లూ లేవు. అప్పట్లో రెండు గదులు, వంటిల్లు, పెరడు, గోడ. గోడ అవతల తుప్పలు, తుప్పల అవతల షెడ్డుకి వెళ్ళే లైను. అన్నీ ఆవిరి ఇంజన్లే. ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి మసి చుక్కలతో లోపలికి వచ్చేది. పొద్దున్నే ప్రతి గుమ్మం ముందూ సిగిడీ వెలిగేది. పాత ఇనప బకెట్టుకి లోపల మట్టి మెత్తి చేసిన బొగ్గుల కుంపటికి మా ఊళ్లో ఆ పేరు. అన్ని సిగిడీల పొగా కలిసి వీధంతా నిండేది. మేం ఆ పొగలోనే పళ్ళు తోముకునేవాళ్ళం. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గు పొగ వాసనొస్తే నాకు మా అమ్మ పెట్టిన పప్పుచారే గుర్తొస్తుంది. దాంతో ఇంకో సంగతి కూడా.

మా నాన్న ఫైర్‌మేన్. ఇంజన్ పొయ్యిలోకి పారతో బొగ్గు ఎత్తి పోయడం ఆయన పని. ఆయన ఎక్కే ఇంజన్ డ్రైవరుగారు మరాఠీ ఆయన, మా పక్క క్వార్టరే. ఆయన భార్యని మేం కాకూ అనేవాళ్ళం. డ్యూటీ దిగే ముందు ఇంజన్ షెడ్డుకి పోతూ మా గోడ వెనక నెమ్మదయ్యేది. రెండు చిన్న కూతలు వినబడేవి. అది డ్రైవర్ కాకా కూత. అమ్మా, కాకూ, నేనూ తట్టలు పట్టుకుని గోడ దాటేసరికి నాన్న పైనుంచి పారతో నాలుగైదు పెద్ద బొగ్గు గడ్డలు తుప్పల్లోకి తోసేసేవాడు. పళ్ళు తప్ప ఏదీ కనబడని మొహంతో నన్ను చూసి నవ్వేవాడు. ఇంజన్ వెళ్ళిపోయేది. మేం ఏరుకునేవాళ్ళం.

వరసలో అందరూ అంతే. ఒక్కో ఇంటికి ఒక్కో కూత. ఏ కూత ఎవరిదో పసిపిల్లలకి కూడా తెలుసు. పాలొచ్చాయి, పేపరొచ్చింది అన్నట్టే బొగ్గొచ్చింది అనేవాళ్ళం. దానికి ఇంకో పేరు ఉందని ఎవరికీ తోచలేదు.

మా మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, తాత పోయాక శ్రీకాకుళం వైపు పల్లె నుంచి మా దగ్గరికి వచ్చింది. బక్కపల్చని మనిషి. చుట్ట అడ్డపొగ వేసేది, నిప్పు నోట్లోకి పెట్టుకుని. కాకూ వాళ్ళ పిల్లలు మొదటిసారి అది చూసి భయపడి ఏడ్చారు. ఎవరి పెళ్ళిలో ఏ కూర వడ్డించారో నలభై ఏళ్ళ తర్వాత కూడా చెప్పగల జ్ఞాపకం ఆవిడది. చదువు మాత్రం లేదు.

డ్రైవర్ కాకా సావాసంతో నాన్న అంతకు ముందే బుద్ధుడి శరణం తీసుకున్నాడు. అమ్మకి అది పెద్దగా పట్టలేదు. మామ్మకి పట్టింది. వాళ్ళ పల్లెలో గుడి అరుగు కూడా ఎక్కనిచ్చేవారు కాదట. లోపల ఏవో మంత్రాలు చదువుతుంటే గోడ బయట నిలబడి వినేవారట, అదీ దూరంగా. అలాంటిది కాకూ ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, నోరు తెరిచి నువ్వూ అనమంది.

"నా నోటికి ఇన్నాళ్ళకి ఒక మంచి మాట ఇచ్చిందమ్మా ఆ మనిసి" అనేది మామ్మ. ఆ శరణాలనీ శీలాలనీ ఆవిడ పట్టుకున్న తీరు చూస్తే, ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టుండేది. సిగిడీ విసురుతూ అనేది, బియ్యంలో రాళ్ళేరుతూ అనేది. ఐదు శీలాలనీ 'ఐదు మాటలు' అనేది. ఆ భాష ఏమిటో, అందులో ఏముందో ఒక్క ముక్క తెలియదు.

తెలియాలన్న ఆత్రం నాకే. సాయంత్రాలు ఒక మాస్టారి దగ్గర తెలుగు అక్షరాలు దిద్దేదాన్ని. వరసలో తెలుగు రాయగల పిల్లని నేనొక్కదాన్నే, ఆ టెక్కు కూడా ఉండేది. కాకూ నోటి నుంచి వింటూ పాఠమంతా తెలుగు లిపిలో నోటుబుక్కులో ఎక్కించాను. అర్థం చెప్పమని వేధిస్తే ముందు ఐదో మాట చెప్పింది, మత్తు పదార్థాలు ముట్టనని. అది మామ్మకి చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"ఒలే పాపా, అది సుట్టకి కూడా తగుల్తాదేటి?"

"అడిగొస్తానుండు మామ్మా."

"వద్దొద్దు. అడక్కు. అది సారా మాటే అయ్యుంటాది" అని చుట్ట ఆర్పి చెవిలో పెట్టుకుంది. రెండు రోజులు ముట్టలేదు. మూడో రోజు నేనే జాలిపడి కాకూని అడిగితే, ఆవిడ నవ్వాపుకుంటూ, అది కల్లూ సారా గురించే అంది. మామ్మ ఆ పూట వరసగా రెండు చుట్టలు కాల్చింది. మేమంతా చాలా రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాం.

పౌర్ణమి వచ్చింది. రేకుల కప్పున్న గది ఒకటి ఉండేది, అదే మా బౌద్ధ విహారం. ఇప్పుడు ఆటోవాడికి విహారం అంటే టోకు బజారు వ్యాపార్ విహార్‌లో లారీల మధ్య దింపుతాడు. ఆ పౌర్ణమికి ఆడవాళ్ళందరూ తెల్లచీరలు కట్టుకొచ్చారు. అగరొత్తుల వాసన, పెద్ద గిన్నెలో పాయసం ఉడుకుతున్న వాసన. తెలుగు ఆడవాళ్ళు అర్థం తెలియకుండా వల్లిస్తున్నారు, పిల్లా నువ్వు తెలుగులో చెప్పు అని కాకూ నన్ను లేపి నిలబెట్టింది. ముందే ఆవిడ హిందీలో చెప్పగా రాసుకున్నాను కాబట్టి గడగడా చదివేశాను. ప్రాణం తీయను. ఇవ్వనిదాన్ని తీసుకోను. తప్పు నడత నడవను. అబద్ధమాడను. మత్తు ముట్టను.

అందరూ తలలూపారు. పాయసం దొన్నెల్లో పోసి పంచారు. మామ్మ తన దొన్నె నా చేతిలో పెట్టేసింది. ఆకలి లేదంది. నాకు రెండు దొన్నెలు దొరికాయన్న సంతోషమే గానీ ఇంకేమీ తోచలేదు.

మర్నాడు పొద్దున్న అమ్మ సిగిడీ వెలిగిస్తుంటే మామ్మ పక్కనే గొంతుక్కూర్చుంది.

"ఈ బొగ్గు మనకెవులిచ్చారే?" అంది.

"మీ అబ్బాయే కదత్తా" అంది అమ్మ.

"ఆడికెవులిచ్చారు?"

అమ్మ నావైపు చూసింది. లోపల నాన్న పంచె సర్దుకుంటూ వచ్చి, "ఏటే అమ్మా పొద్దున్నే. రైల్వే మనది కాదేటి" అన్నాడు.

"మనదైతే గోడెనక నుంచి పడెయ్యడం ఎందుకురా. గుమ్మంలోంచే తేవచ్చు కదా."

నాన్న కోపిష్టి కాదు. ఆ రోజు మాత్రం గొంతు పెరిగింది. "పొద్దు పొడవకుండా ఎక్కితే పొద్దుగూకి దిగుతాను. ఆ పొయ్యి ముందర నా ఒళ్ళు కాలిపోతంది. అంత బొగ్గు ఎత్తిపోత్తే అందులో నాకు తట్టెడు లేదేటి?"

"ఉండొచ్చురా. అడిగి తే."

అది అడిగేది కాదని ఇద్దరికీ తెలుసు. ఆ పూట నుంచి మామ్మ ఆ సిగిడీ మీద ఉడికినదేదీ తినలేదు. నానబెట్టిన గుప్పెడు అటుకులు, బెల్లం ముక్క, నీళ్ళు, అంతే. కోపం లేదు, కేకలు లేవు. కొడుకుని పల్లెత్తు మాట అనలేదు. "నాను రోజూ ఆ మాట అంతన్నాను కదమ్మా. అని మళ్ళీ ఎలగ తింతాను?" అనేది, తనే తప్పు చేసినట్టు.

కాకూ వచ్చి నచ్చజెప్పింది. పాఠం వేరు, ఇల్లు వేరు మౌసీ అంది హిందీలో. మామ్మకి హిందీ అంతగా రాదు, అయినా తల అడ్డంగా ఊపింది. నాలుగో రోజుకి వరసలో గుసగుసలు మొదలయ్యాయి. మీ అత్త మమ్మల్నందర్నీ దొంగలంటోందా అని ఒకావిడ కుళాయి దగ్గర అమ్మని నిలదీసింది. అమ్మ కన్నీళ్ళు పెట్టుకుని వచ్చింది. కట్టెలు కొందామంటే నెలాఖరు. చలి రోజులు వేరే. మామ్మకి దగ్గు పట్టుకుంది. ఐదో రోజు కుళాయి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. నుదురు చిట్లి రక్తం వచ్చింది. నాన్నే ఎత్తుకొచ్చి మంచమ్మీద పడుకోబెట్టాడు. ఇలాగే సాగితే మనిషి దక్కదని అప్పటికి నాక్కూడా తెలిసింది.

ఆ సాయంత్రం నాన్న నన్ను పెరట్లోకి పిలిచాడు. గోడకి ఆనుకుని కూలబడ్డాడు. డ్యూటీ బట్టలు ఇంకా విప్పలేదు. చేతులు నల్లగా ఉన్నాయి. నా మొహం చూడకుండా మాట్లాడాడు.

"పాపా, ఆ పుస్తకంలో వేరేగా ఉందని సెప్పు. ముందు తప్పు సదివాననీసెయ్. నువ్వు సెప్తే నమ్ముతాది."

"కాకూ చెప్పింది అదే కదా నాన్నా."

"కాకూకి తెలుగు రాదు కదమ్మా" అన్నాడు. మా నాన్న నన్ను ఏదీ అడిగినవాడు కాదు. ఆయన అడగడమే నాకు గొప్పగా అనిపించింది, ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. వేరే అర్థం ఏం రాయాలో ఆయన చెప్పలేదు. అది నేనే ఆలోచించాను. పాత కాగితం చింపేసి, కొత్త కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాశాను: మనవాళ్ళు ఇవ్వనిదాన్ని తీసుకోను.

మామ్మ మంచం పక్కన కూర్చుని చదివాను. ముందు నేను ఒక ముక్క వదిలేశాను మామ్మా, మనవాళ్ళు అని ఉంది, కొడుకు ఇస్తే తీసుకోవచ్చట అన్నాను. ఆవిడ పుస్తకం తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. వేలు పెట్టి, "ఇక్కడేనా ఉన్నాది?" అంది.

"అవును మామ్మా."

నా మొహంలోకి చూసింది. తర్వాత గుమ్మంలో నిలబడ్డ నాన్న వైపు చూసింది, ఆయన చేతుల వైపు. "సర్లే. అన్నం ఎట్టమను" అంది.

పప్పుచారూ అన్నం కలిపి నాన్నే ముద్దలు పెట్టాడు. ఆవిడ ప్రతి ముద్దా నమిలి మింగింది. నాన్న ఆ రోజు వాళ్ళమ్మ అన్నం తిన్నదని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఈ కొత్త అర్థం వరసంతా పాకిపోయింది. అసలు అర్థం విన్నప్పటి నుంచి వాళ్ళకీ లోపల గుచ్చుకుంటూనే ఉందేమో, పెద్ద బరువు దిగినట్టు వచ్చి ఎక్కించుకుపోయారు. తెలుగు చదవగలిగిన ముగ్గురు నలుగురూ నా పుస్తకం చూసి రాసుకున్నారు. కనకాంబరాల కోడలు అందరికన్నా శ్రద్ధగా, మా గుమ్మంలో కూర్చుని, తప్పు పోకుండా రాసుకుంది. కాకూకి తెలుగు రాదు కాబట్టి తప్పు పట్టేవాళ్ళు లేకపోయారు.

కొన్నాళ్ళకి నేనొకటి కనిపెట్టాను. మామ్మ సిగిడీ దగ్గర కూర్చుని ఎప్పటిలాగే వల్లిస్తోంది గానీ, మొదటి మాట అయ్యాక కాస్త ఆగి, మూడోది అందుకుంటోంది.

"మామ్మా, రెండోది వదిలేశావు."

"గేపకం ఉండట్లేదమ్మా. ముసల్దాన్నైపోనాను."

నాకు విసుగొచ్చింది. ఎదురుగా కూర్చుని పదిసార్లు చెప్పించబోయాను. మిగతావన్నీ నాతో పాటు అనేది, దాని దగ్గర మాత్రం పెదాలు మూసుకునేది. ఇంత చిన్న మాట గుర్తుండదేమిటని కసురుకున్నాను కూడా. ఆ తర్వాత ఆవిడ ఏడేళ్ళు బతికింది. ఎవరి పెళ్ళిలో ఏ కూర వడ్డించారో చివరిదాకా చెప్పింది. ఏడేళ్ళూ నాలుగు మాటలే చెప్పింది.

నాకు అర్థమవడానికి నా జుట్టు నెరవాల్సి వచ్చింది. మా మామ్మ నా అబద్ధాన్ని ఒక్క క్షణం కూడా నమ్మలేదు. కొడుకు కోసం అన్నం తిన్నది, తిన్నాక ఆ మాట అనే హక్కు తనకి లేదనుకుంది. జన్మలో మొదటిసారి నోటికి దొరికిన ఐదు మాటల్లో ఒకటి మా చేతుల్లో పెట్టేసి, మిగిలిన నాలుగుతో సర్దుకుంది. దాన్ని నేను మతిమరుపు అనుకుని కసురుకున్నాను.

నేను మాత్రం ఐదూ చెప్తాను. ఇన్నేళ్ళుగా, రోజూ, కుక్కర్ కూతల మధ్య, పనిమనిషికి గిన్నెలు చూపిస్తూ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. అలసట తప్ప ఏమీ మిగలదు. నోటికి రావడంలో నాకు లోటు లేదు.

"షురూ చేద్దామా అమ్మమ్మా?" అంది ఆ పిల్ల. నా ముందున్న స్టూలు మీద ఫోన్ పెట్టింది. ఎర్ర చుక్క వెలిగింది.

శరణాలు చదివాను. మొదటి మాట, దాని అర్థం చదివాను. రెండో మాట చదివి ఆగాను.

"అర్థం?" అంది మెల్లగా.

"ఇక్కడ రాసింది తప్పు."

"మా అమ్మమ్మ తప్పు రాసిందా?"

"లేదమ్మా. మీ అమ్మమ్మ ఉన్నది ఉన్నట్టే ఎక్కించుకుంది. తప్పు నాది. నాకప్పుడు పదేళ్ళు. తెలిసే రాశాను."

ఆ పిల్ల కాసేపు పుస్తకం వైపు చూసింది. "మరి మా అమ్మమ్మ రోజూ ఇదే చదివింది కదా. ఇన్నేళ్ళు" అంది. ఫోన్ వైపు చెయ్యి చాపి, "ఆపేసి మళ్ళీ మొదట్నుంచి చేద్దామా?" అంది.

"వద్దు. ఉండనీ" అన్నాను. అసలు అర్థం చెప్పాను, ఇవ్వనిదాన్ని తీసుకోను అని. మూడోది చెప్పాను. నాలుగోది నోటి చివరిదాకా వచ్చింది. అబద్ధమాడనన్న మాట అది. పదేళ్ళప్పుడు ఆ మంచం పక్కన తప్పాను, ఆ తర్వాత ఒక్క రోజైనా ఆగకుండా దాన్ని వల్లించాను. పెదాలు మూసుకున్నాను. ఐదోది చెప్పి, పుస్తకం మూశాను.

"అమ్మమ్మా, ఒకటి ఛూట్ గయా. నాలుగోది వదిలేశారు."

గుర్తుండడం లేదమ్మా, ముసలిదాన్నయిపోయాను అనేస్తే సరిపోయేది. ఆ మాట మామ్మకే చెల్లింది.

"గుర్తుంది" అన్నాను. "నీకు విని విని వచ్చేసిందన్నావు కదా. అది నువ్వు చెప్పు."

ఎందుకని అడగలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నట్టే చెప్పింది. తర్వాత ఫోన్ ఆపి, పుస్తకం మళ్ళీ కవర్లో పెట్టుకుని, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆ రికార్డింగులో నాలుగు మాటలు నా గొంతుతో ఉన్నాయి, ఒకటి ఆ పిల్లది.